రియాక్టరు ఉక్కుకు పట్టే రేడియోధార్మిక పొర

నీటితో చల్లబరిచే అణు రియాక్టర్లలో గొట్టాలు, పంపులు, వాల్వులు, ఆవిరి జనరేటర్ల లోపలి గోడలకు ఏళ్లు గడిచేకొద్దీ పలుచని ఆక్సైడ్ పొర పడుతుంది. ఆ పొరలో రేడియోధార్మిక పరమాణువులు చిక్కుకుంటాయి. అవి వెలువరించే గామా కిరణాలు గొట్టం గోడను దాటి బయట నిలబడ్డ మనిషికి తగులుతాయి. రియాక్టరు ఉక్కు ఉపరితలాల రేడియోధార్మిక కాలుష్యం అంటే ఇదే. ప్రమాదం జరిగితేనే వచ్చేది కాదు ఇది. ఇంధన కడ్డీ ఒక్కటి కూడా పగలకుండా, ఏ లోపమూ లేకుండా నడిచే రియాక్టరులోనూ రోజూ కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. మరమ్మతులకు లోపలికి వెళ్లే కార్మికుల ఒంటికి తగిలే రేడియేషన్‌లో పెద్ద వాటా ఈ పొరదే.

ఆర్మూరు ప్రాంతపు పసుపు రైతుకు ఇందులో సగం సంగతి ముందే తెలుసు. పసుపు ఉడకబెట్టే ఇనుప బాయిలర్‌లో బోరు నీళ్లు పోసి ఒక సీజను నడిపితే లోపల గార కడుతుంది. అడుగున తుప్పు రేగి నీళ్లు ఎర్రబారుతాయి. ఆ గారలో కొంత నీళ్లు మోసుకొచ్చిన ఉప్పులది, కొంత ఇనుము తన ఒంటి నుంచే ఇచ్చింది. రియాక్టరులో వాడే నీరు ఉప్పులన్నీ తీసేసిన నీరు కాబట్టి మొదటి రకం గార దాదాపుగా ఉండదు. రెండోది మాత్రం తప్పదు. వేడి నీళ్లు తగిలిన ఇనుము, ఎంత మంచి ఉక్కైనా సరే, కొద్దిగా కరుగుతుంది. బాయిలర్‌లో కరిగిన ఇనుము బాయిలర్‌లోనే ఉండిపోతుంది. రియాక్టరులో కరిగింది మాత్రం ఇంధనం దగ్గరికి వెళ్లి, న్యూట్రాన్ల మధ్య కొంతకాలం గడిపి, మారిన మనిషిలా తిరిగి వస్తుంది.

ఉక్కు నుంచి ఇంధనానికి, ఇంధనం నుంచి ఉక్కుకు

మన దేశంలో ఎక్కువగా ఉన్న 220 మెగావాట్ల భారజల రియాక్టరును ఉదాహరణగా తీసుకుందాం. అందులో అడ్డంగా అమర్చిన 306 గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టంలో 12 ఇంధన కట్టలు చొప్పున మొత్తం 3,672 కట్టలు. ప్రతి గొట్టానికి నీళ్లు తెచ్చేది ఒకటి, తీసుకెళ్లేది ఒకటి చొప్పున 612 సన్నని ఉక్కు పైపులుంటాయి. వీటిని ఫీడర్లంటారు. భారజలం సుమారు 249 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలికి వెళ్లి, 293 డిగ్రీల దగ్గర బయటికి వచ్చి, ఆవిరి జనరేటరులో తన వేడిని అప్పగించి, పంపుల గుండా మళ్లీ లోపలికి పోతుంది. అంత వేడిలోనూ మరగకుండా తీవ్రమైన ఒత్తిడిలో ఉంచుతారు. ఏళ్ల తరబడి ఆగని ప్రదక్షిణ ఇది.

ఆ వేడిలో ఇనుము నీటిలోని ఆక్సిజన్‌ను లాక్కుని మాగ్నటైట్ అనే నల్లని ఆక్సైడ్‌గా మారుతుంది. ఈ నలుపు మంచిదే. లోహానికి దుప్పటిలా కప్పుకుని కింది ఇనుమును కాపాడుతుంది. వానలో తడిసిన నాగలికి పట్టే ఎర్ర తుప్పులా పొరలు పొరలుగా ఊడిపోదు. స్టెయిన్‌లెస్ ఉక్కు మీదైతే పొర రెండంతస్తులుగా పెరుగుతుంది. లోహాన్ని అంటి క్రోమియం ఎక్కువున్న గట్టి పొర, దానిమీద నికెల్, ఇనుము కలిసిన వదులు పొర. ఎంత గట్టి దుప్పటైనా నీటిలోకి కొన్ని అయాన్లను వదులుతుంది. కొన్ని రేణువులు పైనుంచి రాలుతాయి. కరిగినవీ, రాలినవీ కలిసి నీటితోపాటు ఇంధనం దాకా కొట్టుకుపోతాయి. వేడెక్కిన ఇంధన గొట్టాల మీద కొంత కూర్చుంటాయి. రియాక్టర్లలో పనిచేసేవాళ్లు ఈ మడ్డిని క్రడ్ అంటారు.

ఇంధనం మీద కూర్చున్నంతసేపూ ఆ మడ్డికి న్యూట్రాన్ల వాన తప్పదు. ఒక న్యూట్రాన్‌ను మింగిన పరమాణువు చాలాసార్లు అస్థిరమవుతుంది. కొన్ని రోజులకో నెలలకో అది మళ్లీ నీటిలోకి కరిగి, గొట్టాల గోడల మీద కొత్తగా పెరుగుతున్న ఆక్సైడ్ పొరలో చోటు చూసుకుంటుంది. అలా ఉక్కులోంచి వెళ్లిన పరమాణువే రేడియోధార్మికమై తిరిగి ఉక్కులోకి చేరుతుంది. ఈ కాలుష్యానికి మూలం బయట ఎక్కడో లేదు, ఉక్కులోనే ఉంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఈ సమస్యలో మిగతా అంతా దాని వెనకే వస్తుంది.

ఏ లోహం ఏమవుతుందో భౌతిక శాస్త్రం ముందే చెప్పగలదు. ఇనుములోంచి ఇనుము-59 పుడుతుంది, దాని అర్ధాయుష్షు, అంటే సగానికి తగ్గే కాలం, 44 రోజులకు కొంచెం ఎక్కువ. మాంగనీసు-54 కూడా ఇనుములోంచే, 312 రోజులు. క్రోమియం-51 కేవలం 28 రోజుల్లో సగానికి పడిపోతుంది. నికెల్‌లోంచి వచ్చే కోబాల్ట్-58కి 71 రోజులు. ఇవి రియాక్టరు ఆగిన కొద్ది నెలల్లో చాలావరకు తగ్గిపోతాయి. వీటితోపాటు ఇంధనపు తొడుగుకు ఎక్కడైనా చిల్లు పడితే సీజియం-137, అయోడిన్-131 వంటి విచ్ఛిత్తి పదార్థాలు నీటిలో కలుస్తాయి. వాటిలో అయోడిన్ వారాల్లో పోతుంది. సీజియం పోదు, కానీ అది నీటిలో కరిగి ఉండే స్వభావం కలది కాబట్టి గోడలకు అంతగా అంటదు, రెజిన్ వడపోతలో చిక్కుతుంది.

పొర అంతటా ఒకేలా పట్టదు. నీళ్లు నిలిచిపోయే మూలలు, వాల్వుల పొట్టలు, వంపులు, ఉష్ణ వినిమాయకాల అడుగులు ఎక్కువ మడ్డిని పట్టి ఉంచుతాయి. గరుకు ఉపరితలం నునుపు దానికంటే ఎక్కువ పట్టుకుంటుంది. పసుపు చెయ్యి స్టీలు పళ్లేనికి తగిలితే ఒక్క తుడుపుతో పోతుంది, సిమెంటు గచ్చుకు తగిలితే పండుగలు మారినా మరక కనిపిస్తూనే ఉంటుంది. అందుకే కొత్త ఆవిరి జనరేటర్ల లోపలి భాగాలను అమర్చకముందే విద్యుత్తుతో నునుపు చేసే పద్ధతి చాలా దేశాల్లో ఉంది.

కోబాల్ట్-60

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది కోబాల్ట్-60. ప్రకృతిలో దొరికే కోబాల్ట్ మొత్తం కోబాల్ట్-59 ఒక్కటే. అది న్యూట్రాన్‌ను చాలా సులువుగా పట్టుకుని కోబాల్ట్-60 అవుతుంది. దీని అర్ధాయుష్షు 5.27 ఏళ్లు. ప్రతి విఘటనలోనూ 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల రెండు గామా కిరణాలు దాదాపు తప్పకుండా వెలువడతాయి. ఒక్క మైక్రోగ్రాము కోబాల్ట్-60లో సెకనుకు సుమారు 4.2 కోట్ల విఘటనలు జరుగుతాయి. కంటికి కనిపించనంత పదార్థం ఒక గదిని మనిషి నిలబడలేని చోటుగా మార్చగలదని ఈ లెక్కే చెబుతుంది.

రియాక్టరులోకి కోబాల్ట్‌ను ఎవరూ కావాలని పోయరు. నికెల్ ఖనిజంలో అది తోడుగా ఉంటుంది కాబట్టి నికెల్ కలిపిన ప్రతి ఉక్కులోనూ కొద్దిపాటి మలినంగా మిగులుతుంది. ఇంకో దారి కూడా ఉంది. వాల్వు సీట్లు, బేరింగులు అరగకుండా ఉండాలని వాటిమీద స్టెల్లైట్ అనే గట్టి మిశ్రమలోహాన్ని పూస్తారు. స్టెల్లైట్‌లో సుమారు 60 శాతం కోబాల్టే. వాల్వు తెరిచి మూసినప్పుడల్లా రవ్వంత అరుగుతుంది. ఆ రవ్వ ఇంధనం దాకా పోతే చాలు. అందుకే కొత్త రియాక్టర్ల కొనుగోలు పత్రాల్లో ఉక్కులోని కోబాల్ట్‌కు కఠినమైన గరిష్ఠ పరిమితి రాస్తారు. స్టెల్లైట్ బదులు కోబాల్ట్ లేని నికెల్ మిశ్రమాలను వాడతారు. కల్పాక్కంలోని ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరుకు కోల్మొనాయ్ అనే నికెల్ మిశ్రమాన్ని ఎంచుకున్నది ఈ కారణంతోనే.

ఇదే కోబాల్ట్-60 పసుపుకు మేలు చేస్తుందన్న సంగతి ఆర్మూరులో చాలామందికి తెలియకపోవచ్చు. కొమ్ములు ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ డ్రమ్ముల్లో తిప్పి, పొడి కొట్టాక కూడా వాటిలో బూజు, బ్యాక్టీరియా మిగులుతాయి. ఎగుమతికి వెళ్లే సుగంధ ద్రవ్యాల్లో వీటిని చంపే పద్ధతుల్లో గామా కిరణాలు ఒకటి. మన దేశ నిబంధనల ప్రకారం సుగంధ ద్రవ్యాలకు 6 నుంచి 14 కిలోగ్రేల మోతాదు ఇవ్వవచ్చు. రేడియేషన్, ఐసోటోప్ టెక్నాలజీ బోర్డు 2000 సంవత్సరం నుంచి నవీ ముంబైలోని వాషిలో ఈ పని కోసమే ఒక ప్లాంటు నడుపుతోంది. దానికి కావలసిన కోబాల్ట్-60ను మన భారజల రియాక్టర్లలోనే కోబాల్ట్ కడ్డీలు పెట్టి తయారుచేస్తారు. రాజస్థాన్‌లోని రావత్‌భాటా దగ్గర ఉన్న కేంద్రంలో వాటిని సిద్ధం చేస్తారు. కిరణాలు పసుపు గుండా దూసుకుపోతాయి, కోబాల్ట్ మాత్రం పసుపును తాకదు. ఆ శక్తిగల గామా కిరణాలు పసుపును రేడియోధార్మికం చేయలేవు కూడా. మార్కెట్లో అప్పుడప్పుడూ వినిపించే భయానికి ఆధారం లేదు.

పసుపు ప్లాంటులోదీ, రియాక్టరు గొట్టంలోదీ ఒకే పరమాణువు. తేడా దాన్ని మూసి ఉంచామా లేదా అన్నది. వాషిలో కోబాల్ట్ రెండు వరుసల స్టెయిన్‌లెస్ ఉక్కు తొడుగుల్లో సీలు వేసి ఉంటుంది. పని లేనప్పుడు లోతైన నీటి కొలనులోకి దిగుతుంది. గొట్టంలో అది పొరలో కలిసిపోయి, గీస్తే రాలి, తడి చేతికి అంటి, దుమ్ములో లేచే స్థితిలో ఉంటుంది. సీలు విరిగితే మొదటిది రెండోదాని కంటే ఘోరం. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారుకు ఒక విశ్వవిద్యాలయంలో వాడకం మానేసిన గామా పరికరం చేరింది. తుక్కు కార్మికులు దాన్ని విడగొట్టారు. ఒకరు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. అది రియాక్టరు గొట్టాల కాలుష్యం కాదు. అయినా తుక్కు ఉక్కులో కోబాల్ట్ దూరితే ఏమవుతుందో దేశానికి చూపిన రోజు అదే. ఆ కార్మికులకు తమ చేతుల్లో ఏముందో చెప్పినవారు ఒక్కరూ లేకపోవడం ఇప్పటికీ మనసును కలచివేస్తుంది.

తెలుగు నేల వాటా

తెలుగు రాష్ట్రాల్లో విద్యుత్తు ఇచ్చే అణు రియాక్టరు ఒక్కటి కూడా లేదు. అయినా మన భారజల రియాక్టర్ల లోపలి గొట్టాల కథలో హైదరాబాదు పేరు మొదటి పేజీలోనే వస్తుంది. 1971లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పక్కన నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ సముద్రతీరపు ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచి జిర్కోనియం తీస్తుంది. దానిలోంచి హాఫ్నియాన్ని వేరుచేసి, జిర్కలాయ్ గొట్టాలు చేస్తుంది, వాటిలో యురేనియం ఆక్సైడ్ బిళ్లలు నింపి కట్టలు కడుతుంది. 220 మెగావాట్ల రియాక్టర్లకు 19 కడ్డీల కట్ట, 540, 700 మెగావాట్ల వాటికి 37 కడ్డీల కట్ట. ఆవిరి జనరేటర్లకు కావలసిన ఇన్‌కొలాయ్-800 గొట్టాలు కూడా ఇక్కడ తయారవుతాయి. ఒక్క కడ్డీ చివర వెల్డింగు సరిగా లేకపోతే, ఆ చిల్లు గుండా బయటపడిన పదార్థం వందల కిలోమీటర్ల అవతల ఒక ఫీడరు గోడ మీద కూర్చుంటుంది. ఆ ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల ముందు కూర్చునే మనిషి పనికి ఉన్న విలువ మరో చోట మరమ్మతుకు దిగే మనిషికి బాగా తెలుస్తుంది.

రెండో వాటా గోదావరిది. ఆర్మూరుకు ఉత్తరాన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌ను నింపే ఆ నది కిందికి పోయి మణుగూరు దగ్గర భారజల కర్మాగారానికి నీళ్లిస్తుంది. సహజ నీటిలో ప్రతి ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటి మాత్రమే బరువైన డ్యుటీరియం. దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో మార్పిడి చేస్తూ, చేస్తూ, దాదాపు పూర్తిగా భారజలం అయ్యేదాకా గాఢపరుస్తారు. దీనికి కావలసిన ఆవిరీ, కరెంటూ సింగరేణి బొగ్గుతో వస్తాయి. ఏడాదికి 185 టన్నుల సామర్థ్యంతో 1991లో మొదలైన ఈ కర్మాగారం ప్రపంచంలోని పెద్ద భారజల కేంద్రాల్లో ఒకటి. ఇంత కష్టపడి చేసిన నీటిని పారబోయడం ఎవరి తరమూ కాదు. రియాక్టరు గొట్టాలను కడిగే పద్ధతిని కూడా ఈ నీటి విలువే నిర్ణయించింది, ఆ సంగతి కింద వస్తుంది.

మూడోది కొలత. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు ట్రాంబేలో రేడియేషన్ కొలిచే ఎలక్ట్రానిక్ పరికరాలను దేశీయంగా తయారుచేయించి, 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్‌కు మొదటి అధిపతిగా వచ్చారు. అణు విద్యుత్కేంద్రాలకు కావలసిన నియంత్రణ, కొలత పరికరాలు తయారుచేయడం ఆ సంస్థ పుట్టుక నుంచీ చేస్తున్న పని.

నీళ్ల రసాయనమే మొదటి కాపలా

పొర పడకుండా ఆపలేం, ఎంత నెమ్మదిగా పడాలో నిర్ణయించగలం. ఆ అధికారం రియాక్టరు కెమిస్టు చేతిలో ఉంటుంది. మాగ్నటైట్ ఎంత కరుగుతుందన్నది నీటి వేడిమీద, క్షార గుణంమీద ఆధారపడుతుంది. భారజల రియాక్టరులో లిథియం హైడ్రాక్సైడ్ కలిపి నీటిని పీహెచ్ 10 దాటేలా ఉంచుతారు. ఆ క్షారత్వంలో నీరు వేడెక్కేకొద్దీ ఇనుప ఆక్సైడ్‌ను ఇంకా కొంచెం కరిగించుకునే గుణంతో ఉంటుంది. దానివల్ల అత్యంత వేడిగా ఉండే ఇంధనం మీద మడ్డి కూర్చోదు, కూర్చున్నది కూడా కరిగిపోతుంది. పీహెచ్ కొంచెం తగ్గితే వ్యవహారం తిరగబడి, ఇంధనం మీదే మడ్డి చేరుతుంది. కరిగిన ఆక్సిజన్‌ను కూడా ఉండనివ్వరు, హైడ్రోజన్‌ను (ఇక్కడ డ్యుటీరియాన్ని) కొద్దిగా కరిగించి ఉంచుతారు. పీడన జల రియాక్టర్లలో బోరిక్ ఆమ్లం తప్పనిసరి కాబట్టి దానికి సరితూగేలా లిథియం-7 హైడ్రాక్సైడ్ వాడతారు. కూడంకుళంలోని రష్యన్ తరహా రియాక్టర్లలో పొటాషియం హైడ్రాక్సైడ్, అమ్మోనియా కలుపుతారు. మరుగు జల రియాక్టరులో ఏదీ కలపకుండా వీలైనంత శుద్ధ నీరే వాడటం మొదటినుంచీ ఉన్న పద్ధతి. 1969లో మొదలైన తారాపూర్ తొలి రెండు రియాక్టర్లు ఆ రకానివే.

కొత్త రియాక్టరుకు మరో ముందుజాగ్రత్త ఉంది. ఇంధనం వేయకముందే, మామూలు నీటిలో లిథియం కలిపి, పంపులు తిప్పుతూ వేడి ఎక్కించి, కొన్ని రోజులపాటు గొట్టాలకు మంచి మాగ్నటైట్ దుప్పటి పెంచుతారు. దీన్ని హాట్ కండిషనింగ్ అంటారు. కొత్త ఇనుప పెనాన్ని వాడేముందు నూనె రాసి కాల్చి నలుపెక్కించే అలవాటు లాంటిదే ఇది. ఈ విద్యలన్నిటికీ మన దేశంలో ప్రధాన కేంద్రం కల్పాక్కంలోని బాబా అణు పరిశోధన కేంద్రం (బార్క్) నీటి, ఆవిరి రసాయన విభాగం. బార్క్‌లోనే పనిచేసిన కె.ఎస్. వెంకటేశ్వర్లు పరిశ్రమల, విద్యుత్కేంద్రాల నీటి శుద్ధిపై రాసిన ఇంగ్లిషు గ్రంథం ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు పాఠ్యపుస్తకంగా ఉపయోగపడింది.

జింకు కథ చెప్పకుండా ముందుకు పోలేం. మరుగు జల రియాక్టర్లు కొన్నిటిలో గొట్టాల మీద కోబాల్ట్-60 విచిత్రంగా తక్కువగా ఉండేది. కారణం వెతికితే వాటి కండెన్సర్లలో ఇత్తడి గొట్టాలున్నట్టు తేలింది. ఇత్తడిలోని జింకు కొద్దికొద్దిగా నీటిలోకి వచ్చి, ఆక్సైడ్ స్ఫటికంలో కోబాల్ట్ కూర్చునే చోట్లను ముందే ఆక్రమించుకుంటోంది. తెలియకుండా జరిగిన మేలును తెలిసి చేయడం 1980ల రెండో సగంలో అమెరికాలోని హోప్ క్రీక్ రియాక్టరుతో మొదలైంది. అయితే సహజ జింకులోని జింకు-64 న్యూట్రాన్ మింగి జింకు-65 అవుతుంది. అది కూడా గామా ఇచ్చేదే, దాని అర్ధాయుష్షు 244 రోజులు. దాంతో జింకు-64ను తీసేసిన జింకును ప్రత్యేకంగా తయారుచేసి వాడటం మొదలుపెట్టారు.

భారజల రియాక్టర్లకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి యాంటిమొనీ. పంపుల సీళ్లలో, బేరింగుల్లో వాడే కార్బన్‌కు యాంటిమొనీ పట్టించి ఉంటుంది. అది అరిగి ఇంధనం దాకా పోతే యాంటిమొనీ-122, 124 పుడతాయి. రెండోదాని అర్ధాయుష్షు 60 రోజులు. వ్యవస్థను ఆపి తెరిచినప్పుడు ఆక్సిజన్ లోపలికి వస్తే, ఇవి ఇంధనం మీదినుంచి ఒక్కసారిగా విడుదలై బయటి గొట్టాలకు అంటుకుంటాయి. మరమ్మతుకు దిగాల్సిన సమయానికే రేడియేషన్ పెరగడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. యాంటిమొనీ లేని సీళ్లను ఎంచుకోవడమే దీనికి నేరుగా ఉన్న మందు.

ఫీడర్ల సన్నబడటం కూడా ఇదే రసాయనానికి మరో ముఖం. వేగంగా పారే వేడి నీరు బయటికి వచ్చే ఫీడరు వంపులో మాగ్నటైట్‌ను ఎప్పటికప్పుడు కరిగించి తీసుకెళ్తుంది. కెనడాలోని పాయింట్ లెప్రో కేంద్రంలో 1990ల మధ్యలో ఇది బయటపడి భారజల రియాక్టర్లున్న దేశాలన్నిటినీ అప్రమత్తం చేసింది. ఉక్కులో క్రోమియం 0.2 శాతం ఉన్నా ఈ అరుగుదల బాగా తగ్గుతుంది. మన కొత్త రియాక్టర్లలో ఫీడర్లకు ఆ రకం ఉక్కే వాడుతున్నారు. పాత రియాక్టర్లు కొన్నిటిలో ఫీడర్లన్నిటినీ మార్చేశారు. అలాంటి పనికి వందలమంది నెలల తరబడి రియాక్టరు ముఖం దగ్గర పనిచేయాలి, కాబట్టి ముందుగా గొట్టాలను కడగడం తప్పనిసరి అవుతుంది.

కడగడం

చిలుము పట్టిన రాగి చెంబును చింతపండుతో తోమితే మెరుస్తుంది. పులుపులోని ఆమ్లం ఆక్సైడ్‌ను కరిగిస్తుంది, అందులోని సేంద్రియ అణువులు కరిగిన లోహాన్ని పట్టి ఉంచుతాయి. రియాక్టరును కడిగే మందు కూడా ఈ జాతిదే. భారజల రియాక్టర్లకు మన దేశంలో వాడిన మిశ్రమంలో నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లం, ఉసిరికాయలో ఉండే ఆస్కార్బిక్ ఆమ్లం అంటే విటమిన్ సి, వాటితోపాటు లోహాన్ని పట్టి ఉంచే ఈడీటీఏ కలుపుతారు. తర్వాతి కాలంలో ఈడీటీఏ స్థానంలో ఎన్టీఏ అనే మరో ఆమ్లాన్ని వాడారు. మాగ్నటైట్‌లోని ఇనుమును ఆస్కార్బిక్ ఆమ్లం క్షయీకరించి స్ఫటికాన్ని విప్పేస్తుంది. విడివడ్డ ఇనుము, దాంట్లో చిక్కుకున్న కోబాల్ట్ నీటిలోకి వస్తాయి.

మందు గాఢత వెయ్యింట ఒక వంతు చుట్టూరా మాత్రమే. మణుగూరు నీటి విలువ అడ్డుపడేది ఇక్కడే. గాఢమైన ఆమ్లంతో కడిగితే పని త్వరగా అవుతుంది, కానీ టన్నులకొద్దీ భారజలాన్ని ముందు తోడేయాలి, తర్వాత కడిగిన నీళ్లను పారబోయాలి. పలుచని మందునైతే లోపలున్న భారజలంలోనే కలపొచ్చు, ఇంధనాన్ని కూడా తీయనక్కర్లేదు. ఆ నీటిని నిరంతరం అయాన్ మార్పిడి రెజిన్ గుండా తిప్పుతారు. రెజిన్ ఇనుమునూ కోబాల్టునూ పట్టేసుకుని ఆమ్లాన్ని తిరిగి ఇచ్చేస్తుంది. అదే మందు మళ్లీ మళ్లీ పనిచేస్తుంది. చివర్లో ఇంకో రకం రెజిన్‌తో మందును కూడా తీసేస్తే మొదటి భారజలం మిగులుతుంది. రేడియోధార్మికత అంతా రెజిన్ గింజల్లోకి చేరుతుంది. వాటిని గట్టిపరిచి, భద్రపరచాలి. కాలుష్యాన్ని మాయం చేసే పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు. మనుషులు తిరిగే చోటునుంచి తీసి, కాపలా పెట్టగలిగే చోటుకు మార్చడమే అన్ని పద్ధతులూ చేసేది.

పలుచని మందు ఆలోచనను మొదట పెంచింది 1970ల్లో కెనడా వాళ్లు. బ్రిటన్‌లో తక్కువ ఆక్సీకరణ స్థితిలోని వనాడియంతో పనిచేసే పద్ధతి వచ్చింది. స్టెయిన్‌లెస్ ఉక్కుకు మాత్రం నిమ్మ, ఉసిరి చాలవు. అక్కడి లోపలి పొరలో ఉండే క్రోమియం ఆక్సైడ్ క్షయీకరణకు లొంగదు. ముందు పర్మాంగనేటుతో దాన్ని ఆక్సీకరించి, కరిగే క్రోమేటుగా మార్చి, ఆ తర్వాత ఆక్సాలిక్ ఆమ్లం వంటి దాంతో మిగతా పొరను తీయాలి. జర్మనీలో సీమెన్స్ సంస్థ పెంచిన పద్ధతి ఈ రెండు మెట్లను చక్రంలా తిప్పుతుంది. అమెరికాలో 1984లో డ్రెస్డెన్ మొదటి రియాక్టరును గాఢమైన మందుతో కడిగారు. చల్లార్చే వ్యవస్థ మొత్తాన్ని ఒకేసారి కడిగిన పెద్ద ప్రయత్నాల్లో అది ఒకటి.

కడిగిన ఫలితాన్ని ఒక సంఖ్యతో చెబుతారు. కడగకముందు 100 ఉన్న రేడియేషన్ 20కి వస్తే ఆ సంఖ్య 5. ఫీడర్ల మీద ఒకలా, ఆవిరి జనరేటరులో మరోలా వస్తుంది. కడిగినంత మాత్రాన పని అయిపోదు. నగ్నంగా మిగిలిన ఉక్కు కొత్త పొరను వేగంగా పెంచుకుంటుంది, దాంతో కోబాల్టునూ వేగంగా పట్టుకుంటుంది. కడిగిన వెంటనే మళ్లీ నిదానంగా దుప్పటి కప్పకపోతే ఏడాది రెండేళ్లలో శ్రమంతా వృథా కావచ్చు.

లోపలికి వెళ్లే మనిషి

కాలుష్యాన్ని కొలిచేవాళ్లు దాన్ని రెండు రకాలుగా చూస్తారు. తుడిస్తే వచ్చేది వదులు కాలుష్యం, రానిది అంటిన కాలుష్యం. వంద చదరపు సెంటీమీటర్ల మేర వడపోత కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని పరికరం కింద పెట్టి లెక్కిస్తారు. అంటినది గామా కిరణాలతో బయటినుంచి కొడుతుంది. వదులుది శ్వాసలోకో నోట్లోకో పోయే ప్రమాదం తెస్తుంది. మన కేంద్రాలను శుభ్రత ప్రకారం ఒకటి నుంచి నాలుగు మండలాలుగా విభజిస్తారు. నాలుగో మండలం నుంచి బయటికి వచ్చేటప్పుడు పైదుస్తులు, చేతి తొడుగులు, చెప్పుల తొడుగులు ఒక్కో గడప దగ్గర వదిలేసి, చేతులూ కాళ్లూ యంత్రం ముందు చూపించాలి. శ్రాద్ధానికి మడి కట్టుకున్నవాళ్ల పద్ధతి గుర్తొస్తుంది కానీ, ఇక్కడ గీత దాటితే ఏం జరుగుతుందో పరికరం వెంటనే అంకెల్లో చెబుతుంది. భారజల రియాక్టరులో డ్యుటీరియం నుంచి పుట్టే ట్రిషియం తేమగా గాలిలో ఉంటుంది కాబట్టి కొన్ని చోట్లకు గాలి గొట్టం ఉన్న ప్లాస్టిక్ సూట్లతోనే వెళ్లాలి. ఆ సూటులో వేసవి మధ్యాహ్నం గంట పనిచేయడం పొలంలో గంట పనిచేయడం కంటే కష్టం.

1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ప్రకారం కార్మికుడికి వరుసగా ఐదేళ్లలో 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు మించకూడదు. సాధారణ ప్రజలకు ఏడాదికి 1. కెమిస్టు పీహెచ్‌ను తన హద్దుల్లో ఉంచిన ప్రతి రోజూ రాబోయే మరమ్మతులో ఒక వెల్డరుకు దక్కే నిమిషాలు పెరుగుతాయి. కేంద్రంలో రేడియేషన్ రక్షణ విభాగం వేరు, రసాయన విభాగం వేరు. కానీ రక్షణలో పెద్ద భాగం జరిగేది రసాయన విభాగపు బీకర్ల దగ్గరే. కర్ణాటకలోని కైగా మొదటి రియాక్టరు 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 దాకా 962 రోజులు ఆగకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అన్ని రోజులు ఆగకుండా నడవడంలో నీటి రసాయనాన్ని రోజూ కనిపెట్టుకున్న చేతుల వాటా చిన్నది కాదు.

మూతపడ్డాక

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ ఏపీ-1000 రకం రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. ఆ నమూనాలో కోబాల్ట్ తక్కువ లోహాలు, జింకు కలిపే ఏర్పాటు మొదటినుంచే గీసి ఉన్నాయి. పాత తరం రియాక్టర్లకు ఆ అవకాశం లేకపోయింది. కెనడా సాయంతో కట్టి 1973లో మొదలైన రాజస్థాన్ మొదటి రియాక్టరు 2004 అక్టోబరు నుంచి ఆగి ఉంది. కోబాల్ట్-60కి నాలుగు అర్ధాయుష్షులంటే సుమారు 21 ఏళ్లు. అంటే ఆగిన నాడు ఆ గొట్టాలకు పట్టి ఉన్న కోబాల్ట్-60లో ఇప్పుడు సుమారు పదహారో వంతే మిగిలి ఉంటుంది. ఇంకో ముప్పై ఏళ్లు ఆగితే సుమారు వెయ్యో వంతు. చాలా దేశాలు మూసిన రియాక్టరును వెంటనే విడగొట్టకుండా కొంతకాలం అలాగే ఉంచడానికి కారణం ఈ లెక్క.

విడగొట్టే రోజున పద్ధతులు మారతాయి. గొట్టం మళ్లీ వాడేది కాదు కాబట్టి పలుచని మందుతో సున్నితంగా కడగనక్కర్లేదు. ఫాస్ఫారిక్ ఆమ్లంలో విద్యుత్తు పంపి పైనుంచి కొన్ని పదుల మైక్రాన్ల లోహాన్నే తీసేస్తారు, లేదంటే ఇసుకతోనో అధిక పీడన నీటితోనో గీకుతారు. దాంతో చాలా ఉక్కు మామూలు తుక్కు స్థాయికి చేరుతుంది, మిగతాది రేడియోధార్మిక వ్యర్థంగా ఉండిపోతుంది. పాత రాజస్థాన్, మద్రాసు రియాక్టర్ల ఆవిరి జనరేటర్లలో గొట్టాలు మోనెల్-400, అంటే మూడింట రెండు వంతులు నికెల్ ఉన్న మిశ్రమం. నికెల్ నుంచి పుట్టే నికెల్-63 అర్ధాయుష్షు సుమారు వందేళ్లు. అది గామా ఇవ్వదు. చాలా బలహీనమైన బీటా కణాలే దాని జాడ. కోబాల్ట్ తగ్గిపోయి చేతి పరికరం నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా అది ఆ పొరలో ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే నమూనా గీకి, ఆమ్లంలో కరిగించి, ప్రయోగశాలలో ద్రవ సింటిలేషన్ పరికరం ముందు పెట్టాలి.